రోజుకు పది మాటలు

ఆ సోమవారం పొద్దున్న చంద్రరావు వేసుకున్న పథకం చిన్నది. తానుంటున్న తాకేటా పేటలో ఏడున్నర బస్సు ఎక్కాలి. నది ఒడ్డున సేక్కాన్ రేవు పక్కనున్న గోడౌనుకు చేరాలి. సింగపూరు హెడ్డాఫీసుకు వారం రిపోర్టు ఇంగ్లీషులో రాయాలి. మధ్యాహ్నానికల్లా మేడ మీద కుర్చీలో కూర్చోవాలి.

పద్దెనిమిదేళ్లుగా ఆయన గోడౌను గుమ్మంలో నిలబడి మినుముల బస్తాలు లెక్కపెడుతున్నాడు. ఉత్తరాలు రాసే గుమాస్తా పోయిన నెల మానేశాడు. "రిపోర్టు బాగా రాస్తే ఆ సీటు నీదే" అన్నాడు మేనేజరు మోహనకృష్ణ. సీటు గొప్పదేం కాదు. కుర్చీకి ఒక కాలు పొట్టి. పాత పేపరు మడతపెట్టి ఆనించారు. అయినా అది కూర్చునే సీటు. చంద్రరావు మోకాళ్లు అంతకు మించి ఏమీ కోరలేదు.

ఇంగ్లీషు కోసం ఏడాదిగా ఫోనులో పాఠాలు వింటున్నాడు. ఇండియాలో ఒక మాస్టారు రోజూ పేపర్ల సంపాదకీయాల్లోంచి పది పెద్ద మాటలు ఏరి, హిందీవాళ్ల కోసం హిందీలో విప్పి చెబుతాడు. చంద్రరావు హిందీ నేర్చుకున్నది సినిమాలు చూసి. ఆ హిందీతో ఇంగ్లీషు పట్టుకుని, తెలుగులో నోటుబుక్కు కెక్కించేవాడు.

"ఏటయ్యా, పొద్దున్నే ఎవులో సచ్చిపోయినట్టు ఆ మాటలు?" అంది భార్య చిలకమ్మ, క్యారేజీ చేతికిస్తూ.

"పదీ పొద్దుగూకేలోపు వాడీయాలంట. నేకపోతే బుర్రలో నిలవవంట."

"నీకు కావాల్సింది కుర్సీ. కూకుంటానని రాసీ."

"అలాగెవులైనా రాస్తారేటే!"

ఆ వారం చెప్పాల్సిన సంగతులు మూడే. పైకప్పుకు చిల్లుపడి చుక్కలు కారుతున్నాయి. ఎలకలు రెండు బస్తాలు కొరికాయి. మిగతా మినుములు పొడిగా ఉన్నాయి. చంద్రరావు నోటుబుక్కు దగ్గర పెట్టుకుని ఫోనులో రెండు గంటలు రాశాడు. పంపిన ఇంగ్లీషు రిపోర్టును మన భాషలో చెప్పుకుంటే ఇదీ: "మునుపెన్నడూ ఎరుగని జలవిపత్తు పొంచి ఉంది. ఎలకల దురాక్రమణ అదుపు తప్పింది. పైకప్పు మీద విశ్వాసం పూర్తిగా సడలింది. ఇంకా మౌనం వహిస్తే చరిత్ర క్షమించదు." మూడో సంగతికి తగిన మాట దొరక్క వదిలేశాడు.

పావుగంటలో సింగపూరు నుంచి ఫోను వచ్చింది. మోహనకృష్ణ నిలబడి విని, చెమట తుడుచుకుంటూ కిందికి దిగాడు.

"గోడౌను ములిగిపోయిందంట కదా! ఏటి రాసినావు సెందర్రావ్?"

"ఉన్నదే రాసాను సయా. కొంచెం మంచి ఇంగ్లీషులో." ఆ ఊళ్లో 'అయ్యా' అనడానికి 'సయా' అంటారు.

"ములగలేదని రాయి. ఇప్పుడే."

చంద్రరావు నోటుబుక్కు మొదటి నుంచి చివరికి తిరగేశాడు. మూడు వేల ఆరు వందల మాటలు. కరువు ఉంది, కుంభకోణం ఉంది, పతనం నాలుగు రకాలుగా ఉంది. "అంతా బాగుంది" అనడానికి మాత్రం ఒక్కటీ లేదు. అంతా బాగున్న రోజు సంపాదకీయం ఎవరు రాస్తారు? దొరికినవాటితో సర్దాడు: "పరిస్థితి ఉద్రిక్తంగా ఉన్నప్పటికీ ప్రస్తుతానికి అదుపులో ఉంది. వదంతులు నమ్మరాదు."

పన్నెండింటికి సింగపూరు పురమాయించిన నీళ్లు తోడే పంపులు రెండు వచ్చాయి. వాటి వెనక బస్తాలు తరలించడానికి నాలుగు లారీలు. టార్పాలిన్ ఒక్కదాని మీదా లేదు. నది మీద మబ్బు నల్లగా దిగుతోంది. కూలీలు పొడి మినుములను ఆ మబ్బు కిందికి మోయడం మొదలుపెట్టారు.

"ఆపండి!" అని అరిచాడు మోహనకృష్ణ.

"సింగపూరు ఆపమంటే ఆపుతాం" అన్నాడు లారీల మేస్త్రీ.

చంద్రరావు హడావుడిగా మూడో రిపోర్టు రాశాడు: "ఈ తొందరపాటు చర్య ఆత్మహత్యాసదృశం."

పది నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది.

"ఎవులు పోయారు?" అంటూ తూకం దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చింది పద్మిని. బస్తాల మీద సుద్దతో గుర్తులు వేసేది ఆమే. సంగతి విని చంద్రరావు వైపు చెయ్యి చాపింది. "ఆ ఫోనిలాగివ్వు అన్నా."

రోజూ బస్తాల మీద రాసే మాటలే కొట్టి పంపింది. "రూఫ్ హోల్ వన్. ర్యాట్ బ్యాగ్ టూ. ఆల్ డ్రై. ఓకే."

మొదటి చినుకు పడేసరికి సింగపూరువాళ్లు మేస్త్రీకి ఫోను చేసి లారీలను ఆపించారు. బస్తాలు లోపలికి చేరాయి. అంబులెన్సు డ్రైవరు టీ తాగి వెళ్లాడు. సాయంత్రానికి హెడ్డాఫీసు నుంచి రెండు ముక్కలు వచ్చాయి: కప్పు వేయించండి, ఇకమీదట రిపోర్టులు ఈ ఓకే అన్న మనిషే రాయాలి. ఆమెకు చక్రాల మీద తిరిగే ఆఫీసు కుర్చీ ఒకటి కొనమన్నారు కూడా.

చంద్రరావు మళ్లీ గుమ్మంలో నిలబడ్డాడు.

"సయా, ఆ పాత కుర్సీ అన్నకిచ్చీరాదా?" అంది పద్మిని మోహనకృష్ణతో. "కూకుని నెక్కెట్టుకుంటాడు."

"పట్టుకెళ్లమను. ఎప్పుడో ఇచ్చుదును. ఈ పద్దెనిమిదేళ్లలో ఒక్కసారైనా అడిగినాడా?"

చంద్రరావు కుర్చీ దింపుకుని గుమ్మంలో వేసుకున్నాడు. కూర్చుంటే మోకాళ్లకు ప్రాణం లేచొచ్చింది. కాకపోతే ఒక పక్కకు ఒరుగుతోంది. ఆనించిన పేపరు మేడ మీదే ఉండిపోయింది. సంచిలో చెయ్యి పెట్టి నోటుబుక్కు తీశాడు, వంగి పొట్టికాలు కింద పెట్టాడు.

మూడు వేల ఆరు వందల మాటలు, కొలిచినట్టు సరిపోయాయి.