ఎవరికీ నొప్పి కలగని చరిత్ర

"ఇన్నాళ్లూ మనం ఫాస్ఫేటు ఎగుమతి చేశాం. ఇకమీదట చరిత్ర ఎగుమతి చేస్తాం" అని డాక్టర్ నూఫాన్ బేక్ ప్రకటించిన మర్నాడు మా రాజధాని అమ్మాన్‌లో పత్రికలన్నీ ఆయన ఫోటోను మొదటి పేజీలో వేశాయి. విదేశాల్లోని అంతర్జాతీయ పాఠశాలల్లో చరిత్ర చెప్పబోయే టీచర్లను సిద్ధం చేసే జాతీయ కేంద్రానికి ఆయన వ్యవస్థాపక డైరెక్టర్. బేక్ అన్నది మా దగ్గర పెద్ద అధికారుల పేరు చివర తగిలించే బిరుదు. అంతకుముందు ఆయన నీటి శాఖలో ఉండేవారు. ఆయన హయాంలో మా పేటకు వారానికొకసారి నీళ్లు వచ్చేవి, అదీ సన్నటి ధారగా. ఏ వస్తువునైనా జనానికి ఎంత తక్కువగా అందించవచ్చో తెలిసిన మనిషి కనుక, చరిత్రకు ఆయనే తగినవారని ప్రభుత్వం అనుకోవడం సబబే.

మా పై అంతస్తులో ఉండే మిస్ ఇఫ్తికార్ ఆ కేంద్రంలో మొదటి విడతలోనే చేరింది. చాలా ఏళ్లుగా సర్కారు బడిలో చరిత్ర చెబుతోంది. భర్త దోహాలో ఇంజనీరు. ఏడాదికోసారి వస్తాడు. వచ్చిన ప్రతిసారీ వాళ్ల చిన్న కూతురు అతనికి సలాం చేసి, మంచినీళ్లిచ్చి, ఎప్పుడు వెళతారని మర్యాదగా అడుగుతుంది. దోహాలోని ఒక అంతర్జాతీయ పాఠశాల ఇఫ్తికార్‌కు ఉద్యోగం ఇస్తానంది, ఈ కేంద్రం సర్టిఫికెట్ చూపిస్తే.

పాఠాలు చెప్పి చూపడానికి విద్యార్థులు కావలసివచ్చారు. అసలు పిల్లలైతే ప్రశ్నలు అడుగుతారని డాక్టర్‌గారు దూరదృష్టితో గ్రహించి, మా బిల్డింగులోని పెద్దవాళ్లను పిలిపించారు. తలా ఒక జెండా, తలా ఒక గంట ఇచ్చారు. ఎవరి దేశానికి నొప్పి కలిగితే వారు గంట కొట్టాలి. నాకు టర్కీ వచ్చింది. కింది అంతస్తులోని రిటైరైన టాక్సీ డ్రైవరు అబూ సఖర్‌కు బ్రిటన్ వచ్చింది.

"పిల్లలూ, టర్కీ సుల్తానులు ఈ ప్రాంతాన్ని నాలుగు వందల ఏళ్లు పాలించారు" అని ఇఫ్తికార్ మొదలుపెట్టింది.

డాక్టర్‌గారు నావైపు చూశారు. నేను గంట కొట్టాను.

"పాలించారు అనకండి మిస్. పాపం, ఆ పసిదాని మొహం చూడండి" అన్నారు ఆయన. నాకు అప్పటికే మనవలు.

"మరేమనాలి డాక్టర్?"

"చాలాకాలం అతిథులుగా ఉన్నారు అనండి."

"నాలుగు వందల ఏళ్లా?"

"ఆతిథ్యానికి పేరుపడ్డ జాతి మనది."

ఇఫ్తికార్ రాసుకుంది. "తర్వాత బ్రిటిష్ సైన్యం..."

అబూ సఖర్ గంట మోగింది.

"ఇంకా నేనేమీ అనలేదు కదా బాబాయ్."

"సైన్యం అన్నావు తల్లీ. గుండెలో కలుక్కుమంది."

"మీ తాత గాడిదను బ్రిటిష్‌వాళ్లు తోలుకుపోయారని నిన్ననే కదా మెట్లమీద కూర్చుని తిట్టావు" అన్నాను.

"నిన్న నేను ఇక్కడివాణ్ణి. ఇవాళ లండన్‌లో పుట్టాను" అన్నాడు అబూ సఖర్, జెండా సరిచేసుకుంటూ.

ఆ విధంగా సైన్యం పర్యాటక బృందమైంది. యుద్ధం పెద్దల సంప్రదింపులైంది. ఓడిపోయినవాళ్లు రెండో స్థానంలో నిలిచారు. చనిపోయినవాళ్లు తరువాతి పాఠంలో కనిపించరు, అంతే. ఆఖరి పరీక్షనాడు ఇఫ్తికార్ గడిచిన శతాబ్దం మొత్తం చెప్పింది. ఒక్క గంటా మోగలేదు. అబూ సఖర్ హాయిగా నిద్రపోయాడు.

"శభాష్ మిస్. ఇది విన్న పిల్లవాడికి ఏ దేశం మీదా కోపం రాదు" అంటూ డాక్టర్‌గారు పెన్ను తీసి సర్టిఫికెట్ మీద సంతకం చేశారు.

ఏటా చలి మొదలై మా ఇళ్లలో తివాచీలు దులిపి పరుచుకునే కాలానికి మంత్రివర్గం కూడా మారుతుంది. ఆ ఏడూ మారింది. నూఫాన్ బేక్ స్థానంలో డాక్టర్ మిజ్‌హిమ్ బేక్ వచ్చి, ఇకమీదట చరిత్ర ఎగుమతి చేస్తామని ప్రకటించారు. పాత సర్టిఫికెట్లు చెల్లవన్నారు. అందరూ వచ్చి ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఈ కేంద్రాన్ని స్థాపించినది ఎవరు? ప్రశ్న రహస్యంగా ఉంచారు కనుక ఊరంతటికీ తెలిసింది.

ఆ సాయంత్రం నూఫాన్ బేక్ కారు లేకుండా ఇఫ్తికార్ ఇంటికి వచ్చారు. నేనూ అబూ సఖర్ అక్కడే ఉన్నాం. ఇఫ్తికార్ కాఫీ తెచ్చి పెట్టింది. ఆయన ముట్టుకోలేదు. ఏదైనా అడగడానికి వచ్చినవాడు, ఆ ఇంటివాళ్లు "తాగండి" అనేదాకా కాఫీ ముట్టకపోవడం మా ఆచారం; అలా అంటే అడిగింది చేస్తామని మాట ఇచ్చినట్టే.

"నా ఫోటో తీసేశారమ్మా. పేరున్న ఫలకం పీకేశారు. గేటు దగ్గరివాడు ఎవరు కావాలని నన్నే అడిగాడు. నన్ను గెంటేశారు."

"గెంటేశారు అనకండి డాక్టర్" అన్నాడు అబూ సఖర్. "చాలాకాలం అతిథిగా ఉన్నారు."

"వేళాకోళం వద్దు అబూ సఖర్." ఆయన ఇఫ్తికార్ వైపు తిరిగారు. "నువ్వు చరిత్ర టీచరువి. కళ్లారా చూశావు. జరిగింది జరిగినట్టు చెప్పు తల్లీ, చాలు."

జరిగింది జరిగినట్టు అన్న మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. ఉచ్చారణ బాగానే ఉంది.

ఇఫ్తికార్ తలుపు పక్కన దోహా ప్రయాణానికి కట్టి ఉంచిన పెట్టెల వైపు చూసింది. ఒక పెట్టె మీద కూర్చుని చిన్నది కాళ్లు ఊపుతోంది.

"కాఫీ చల్లారిపోతోంది డాక్టర్" అంది.

తాగమని అనలేదు. నేను జాగ్రత్తగానే విన్నాను. నూఫాన్ బేక్ మాత్రం ఒక్క గుక్కలో తాగేసి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయారు.

మర్నాడు కేంద్రానికి ఆమెకు తోడు వెళ్లాను. మిజ్‌హిమ్ బేక్ వెనక గోడమీద, పాత ఫోటో ఉన్నచోట సున్నం చదరంగా తెల్లగా ఉంది.

"ఈ కేంద్రాన్ని స్థాపించినది ఎవరు మిస్?"

"మీరే డాక్టర్."

"నాకు ముందు?"

ఇఫ్తికార్ ఆ తెల్లటి చదరం వైపు కొంచెంసేపు చూసింది. "ఈ కుర్చీ ఖాళీగా ఉండేది. మీకోసం ఎదురుచూసింది."

"మీలాంటివారే విదేశాల్లో మన చరిత్రను నిలబెట్టాలి" అని ఆయన సంతకం చేశారు.

బయట వరండాలో, అర్జీలు పట్టుకున్నవాళ్ల మధ్య నూఫాన్ బేక్ కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి గబుక్కున లేచారు.

"ఏమని చెప్పావు తల్లీ?"

ఇఫ్తికార్ కొత్త సర్టిఫికెట్‌ను సంచిలో పెట్టి జిప్పు లాగింది.

"ఎవరికీ నొప్పి కలగలేదు డాక్టర్."

నూఫాన్ బేక్ ఆ జవాబును కాసేపు పరిశీలించారు. తర్వాత అలవాటు కొద్దీ తల ఊపి, "శభాష్ మిస్" అంటూ పెన్ను కోసం జేబు తడుముకున్నారు.