స్టేటస్‌లో నాయన

ఆ రోజుకు మాధవి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే షట్టరు ఎత్తాలి, సాయంత్రంలోగా జాహ్నవి పెళ్లి జాకెట్లు కుట్టేయాలి, మధ్యలో ఎవరితోనూ మాట్లాడకూడదు. తండ్రి ఓబులేసుకు కడుపు ఆపరేషన్ అయితే గుంటూరు ఆసుపత్రిలో తోడుండి, ఆయనతో పాటు నిన్ననే మార్కాపురం తిరిగొచ్చింది. అన్నాళ్లూ ఆమె టైలరింగ్ షాపు మూతపడే ఉంది. ఎదురు వీధిలో కొత్తగా తెరిచిన షాపు ఆమె బేరాలన్నీ లాక్కుపోయింది. మిగిలిన పెద్ద బేరం ఈ పెళ్లి ఒక్కటే. ఇదీ పోతే షట్టరు దించుకోవలసిందే.

మాట్లాడకూడదనుకోవడానికి కారణం ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లను "ఎట్లుంది?" అని అడిగితే, "బాగుంది" అని తప్పించుకుంటే ఆ ఊళ్లో ఒప్పుకోరు. నొప్పి మొదలైన రాత్రి నుంచి చెప్పాలి. పాల దుకాణం దగ్గర ఒకసారి, వీధి మలుపులో ఒకసారి చెప్పేసరికే మాధవికి గొంతు ఎండిపోయింది. అందుకని తెలివిగా ఒక పని చేసింది. తెల్లచొక్కాలో నవ్వుతున్న నాయన ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, కింద చేతులు జోడించిన బొమ్మ తగిలించింది. నాయన క్షేమం, అందరికీ నమస్కారం అని ఆమె ఉద్దేశం. ఆ ముక్కలు రాసి ఉంటే ఈ కథే ఉండేది కాదు. రాయకుండా, ఫోన్ సైలెంట్‌లో పడేసి మిషన్ ముందు కూర్చుంది.

పెద్దవాళ్ల ఫోటో, పుట్టినరోజు కేకు లేకుండా, ఒంటరిగా స్టేటస్‌కెక్కితే ఆ చుట్టుపక్కల దానికి ఒకటే అర్థం. తర్లుపాడు నుంచి కొమరోలు దాకా చుట్టాలందరికీ ఆ అర్థం వెంటనే తెలిసిపోయింది.

మొదట వచ్చింది పెళ్లికూతురి తల్లి అరుణకుమారి. "ఎంత పని జరిగింది మాధవీ!" అంటూ భుజం మీద చెయ్యి వేసింది.

ఆసుపత్రిలో మాధవి ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదు. ట్రాలీ ఆపరేషన్ గది తలుపుల వెనక్కి వెళ్లినప్పుడు నాయన ఇక దక్కడేమోనని భయపడింది, ఆ భయం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు భుజం మీద చెయ్యి పడేసరికి అదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. వెక్కివెక్కి ఏడ్చింది. అరుణకుమారికి మిగిలిన ఆ కాస్త అనుమానమూ తీరిపోయింది.

"బాధపడకు తల్లీ. ఆ గుడ్డలు ఇట్లియ్యి, నేను తీస్కపోతా."

"గుడ్డలెందుకక్కా? సాయంత్రానికి కుట్టి ఇస్తా కదా!"

"ఎల్లుండే పెళ్లి. మైలలో కుట్టిన జాకెట్టు పెళ్లిపిల్లకు ఎట్ల తొడగమంటావు?"

మాధవికి అప్పుడు సంగతి అర్థమైంది. "అయ్యో, మా నాయన బాగనే ఉండాడక్కా!"

"ఉంటాడు తల్లీ. మంచోడు, యాడున్నా బాగనే ఉంటాడు" అంటూ అరుణకుమారి కత్తిరించిన చేతులూ వీపులూ కలిపి మూట కట్టసాగింది.

ఇక మాటలతో లాభం లేదని మాధవి ఇంటికి వీడియో కాల్ చేసింది. తల్లి శ్యామలమ్మ ఎత్తి, ఫోన్‌ను మంచం వైపు తిప్పింది. మాత్రలు మింగిన ఓబులేసు మెడదాకా తెల్లదుప్పటి కప్పుకుని, నోరు తెరుచుకుని, కదలకుండా పడుకుని ఉన్నాడు. అరుణకుమారి ఫోన్‌కు దండం పెట్టింది.

"లేపమ్మా! నాయనను లేపు!" అని అరిచింది మాధవి. షాపు మెట్ల దగ్గర చేరిన ఆడవాళ్లు ఆ మాటకు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అంతలో ఫోన్‌లోనే, ఓబులేసు తమ్ముడు నాగరాజు ఇంట్లోకి దూసుకొచ్చాడు. తర్లుపాడు నుంచి ఆటో మాట్లాడుకుని, భుజానికి బారెడు పూలదండ వేసుకుని వచ్చాడు. "అన్నా, నన్నిడిసి పోయినావా!" అంటూ కాళ్ల మీద పడ్డాడు.

ఓబులేసు కళ్లు తెరిచాడు. "ఎవురు పోయినార్రా?"

నాగరాజు కాళ్లు వదిలేసి లేచి కూర్చున్నాడు. "నువ్వే అన్నా."

మెట్ల మీది ఏడుపు టక్కున ఆగిపోయింది. అరుణకుమారి చేతిలోని మూట జారి మిషన్ మీద పడింది. శ్యామలమ్మ ఆ దండను లాక్కుని గోడ అవతలికి విసిరేసి, మరిదిని తిట్టడం మొదలుపెట్టింది.

"నేను పోయి కనపడ్తే గానీ ఈ జనం నమ్మరు" అని ఓబులేసు అదే ఆటోలో షాపుకు బయలుదేరాడు.

ఆయన ఆటో దిగుతుంటే మాధవి పరుగున వెళ్లి చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగా తగిలేసరికి ప్రాణం కుదుటపడింది. "పోయి నీ పని చూస్కో అమ్మా. వచ్చేటోళ్లతో నేను మాట్లాడ్తాలే" అని ఆయన గుమ్మం ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

పరామర్శకు బయలుదేరిన చుట్టాలు ఒక్కొక్కరే దిగుతున్నారు. ఎవరూ మాధవి జోలికి రావడం లేదు. నొప్పి మొదలైన రాత్రి నుంచి ఓబులేసే స్వయంగా చెబుతున్నాడు. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటికి వెళుతున్నాడు.

పొద్దుగూకేసరికి జాహ్నవి జాకెట్లన్నీ పూర్తయ్యాయి. ఓబులేసు ఆపరేషన్ కథ మాత్రం ఇంకా మత్తు సూది దాకా కూడా రాలేదు.