పాత పెట్టెలకి కొత్త ఇంజను

మా ఇంట్లో నేను మూత తీసి చూడని వస్తువు ఒక్కటే. అది మా అమ్మ ఆవకాయ జాడీ. అదైనా ఆవిడ దాని పక్కనే మంచం వేసుకుని పడుకుంటుంది కాబట్టి.

మిగతావన్నీ విప్పేశాను. ఫ్యాను, గోడ గడియారం, ఇస్త్రీపెట్టె. తిరిగి బిగించాక ఫ్యాను ఆగి ఆగి తిరిగింది, గడియారం అసలు తిరగలేదు, ఇస్త్రీపెట్టె మాత్రం వేసవిలో చేతికి చల్లగా హాయిగా ఉండేది. ఎందుకయ్యా నీకీ పని అంటే, లోపల ఏముందో చూడకపోతే నాకు అన్నం సయించదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో సింహాచలం ఇల్లెక్కడ అంటే ఎవరూ చెప్పరు. స్క్రూడ్రైవర్ సింహాచలం అంటే పాలవాడు కూడా చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడు.

ఉద్యోగం లోకో షెడ్డులో. ఇంజన్లు రోజూ కళ్ళముందే ఉంటాయి గానీ, నేను స్టోర్సు గుమస్తాని కాబట్టి ఒక్కదాన్నీ ముట్టుకోనివ్వరు. ఆ కసి ఇంటికొచ్చి తీర్చుకుంటానని మా ఆవిడ కనకం అభిప్రాయం.

కనకం ప్రతి ఆదివారం తెలుగు అసోసియేషన్ హాల్లో పిల్లలకి తెలుగు చెబుతుంది. మూడు తరాల కిందట విజయనగరం నుంచి, శ్రీకాకుళం నుంచి రైల్వే పనికి వచ్చినవాళ్ళ మనవలు. "అమ్మా, భూఖ్ లగీ హై, అన్నం పెట్టు" అనే రకం. వాళ్ళకి పెద్ద పెద్ద అక్షరాలతో పాఠాలు కంప్యూటర్లో కొట్టి, ప్రింటు తీసి పంచుతుంది. ఆ కంప్యూటర్లో విండోస్ బదులు లినక్స్ వేసి, తెలుగు అక్షరాలు అమర్చి పెట్టినవాడు విశాఖపట్నంలో ఉండే మా బామ్మర్ది సందీప్.

దసరాకి నేను ఆ లినక్స్ తీసి, అప్పుడే వచ్చిన దాని కొత్త విడుదలకి మార్చాను. మార్చకుండా ఎలా ఉంటాను? కొత్తదానిలో ఏముందో చూడాలి కదా. తెల్లారేసరికి కనకం పాఠాల్లో అక్షరాలు చెట్టుకొకటి పుట్టకొకటి అయిపోయాయి. గుడి ఒక చోట, కొమ్ము ఒక చోట. కాకి దీర్ఘం పోయి పక్కనున్న గద్ద నెత్తిన కూర్చుంది. సందీప్ సెలవు పెట్టి, రైలెక్కి వచ్చి, పాతది మళ్ళీ వేసి వెళ్ళాడు.

ఆ రోజే కనకం తీర్పు చెప్పేసింది.

"ఇదిగో, ఇనుకోండి. ఈ పాత లినక్స్‌లో ఒక్క అక్షరం కదిలిందో, కంప్యూటర్ని రిక్షా ఎక్కించీసి హాలుకి ఇచ్చీస్తాను. అక్కడైతే తాళం ఉంటాది. మీ చెయ్యి పడదు."

"స్క్రూడ్రైవరు ముట్టుకోనే, ఒట్టు."

"మౌసు?"

"అచ్ఛా, మౌసు కూడా ముట్టుకోకపోతే కంప్యూటర్నేటి చేసుకోమంటావు?"

"దణ్ణం పెట్టుకోండి."

సరే, దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను. ఇంతలో క్రికెట్ ఫైనల్ వచ్చిపడింది, ఆదివారం సాయంత్రం. మా ఇంట్లో టీవీ ఒకటే. దాని యజమాని మా అమ్మ అప్పయమ్మ. ఎనిమిదింటికి ఆవిడ సీరియల్. ఆ టైములో ఛానల్ మారిస్తే కొడుకని కూడా చూడదు.

షెడ్డులో పైడిరాజు అడిగాడు. బజ్జీల పైడిరాజు అంటారు, చేతిలో పొట్లం లేకుండా ఎవరింటికీ వెళ్ళడు. "ఏటి గురూ, మ్యాచి ఎక్కడ చూద్దుం?"

"మా ఇంటికి రండి. నలుగురూ రండి. కంప్యూటర్లో చూపిస్తాను," అనేశాను. నోరు నాది కాదు, ముందే వెళ్ళిపోతుంది.

తెలిపారా బజారుకెళ్ళి వేలెడంత ముక్క ఒకటి కొన్నాను. ఒక వైపు కేబుల్ తీగ తగిలిస్తే, రెండో వైపు కంప్యూటర్లో గుచ్చితే, కంప్యూటరే టీవీ అయిపోతుందట. స్క్రూడ్రైవరుతో పనే లేదు. తెచ్చి గుచ్చాను. కంప్యూటరు దాన్ని పరాయివాడిలా చూసి ఊరుకుంది. సందీప్‌కి ఫోన్ చేశాను.

"బావా, ఆ ముక్కని గుర్తుపట్టే తెలివి కొత్త కెర్నల్లోనే ఉంది. నీది పాతది."

"కెర్నల్ అంటే ఏట్రా?"

"నీ భాషలో ఇంజను అనుకో."

"అయితే ఇంజనొక్కటీ మార్చీసి, పెట్టెలు పాతవే ఉంచితే?"

"దాన్నే బ్యాక్‌పోర్ట్ అంటారు బావా! కొత్త కెర్నల్ని పాత విడుదలకి సరిపడేలా దించుకోవడం. చెయ్యొచ్చు. కానీ పాత కెర్నల్ని తీసీకు, పక్కనుంచు. మెషిను ఆన్ చేసిన ప్రతిసారీ రెండు వరసలు చూపించి, ఏది కావాలని అడుగుతాది. నువ్వు అయిదు సెకన్లు ఏటీ అనకపోతే మొదటి వరస, అంటే కొత్తది, లాగుతాది."

"మీ అక్కకి చెప్పకురోయ్."

"నేనెందుకు చెప్తాను బావా," అన్నాడు. అన్నాక నవ్వాడు. ఆ నవ్వు నేను పట్టించుకోలేదు.

నా న్యాయం నేను ఆలోచించుకున్నాను. అక్షరం కదలకూడదంది, కదలదు. పెట్టెలు పాతవే, పాఠాలు పాతవే, ముందున్న ఇంజనొక్కటే కొత్తది. బండిలో కూర్చున్నవాడు ఇంజను నంబరు చూస్తాడా? పైగా ఆ కొత్త ఇంజనులో ఏముందో చూడాలని మూడు రోజులుగా నాకు నిద్ర లేదు.

బుధవారం బిల్హాలో చుట్టాల గృహప్రవేశం. అమ్మా, కనకమూ పొద్దుటి లోకల్లో వెళ్ళారు. నేను కడుపు నొప్పని ఉండిపోయాను. బండి కదిలిందో లేదో తెలిపారా ఇంటర్నెట్ షాపులో ఉన్నాను. కొత్త కెర్నల్ సీడీలో ఎక్కించుకుని ఇంటికొచ్చాను.

కెర్నల్ ఒక్కటే వస్తుందనుకున్నాను. అది మేనమామ లేకుండా పీటలెక్కనని కూర్చున్న పెళ్ళికొడుకు. పరికరాలకి పేర్లు పెట్టే ప్రోగ్రాము కొత్తది కావాలంది. తెచ్చాను. ఆ ప్రోగ్రాము, నా పక్కన ఇంకోడు కూడా కొత్తవాడే ఉండాలంది. వాణ్ణీ తెచ్చాను. వాడు తన వాళ్ళని అడిగాడు. మూడోసారి స్కూటరు మీద వెళ్ళేసరికి షాపువాడు దణ్ణం పెట్టి, "భయ్యా, ఏక్ హీ బార్ మే సబ్ లే జావో నా," అన్నాడు, అన్నీ ఒక్కసారే పట్టుకుపొమ్మని.

మా షెడ్డులో ఒక మాటుంది. ఎయిర్ బ్రేకు ఇంజను తెచ్చి పాత వాక్యూమ్ బ్రేకు పెట్టెలకి తగిలిస్తే, లాగడం లాగుతుంది, ఆపడమే రాదు. నాది లాగనూ లేదు. మొదటిసారి ఆన్ చేస్తే తెర నిండా తెల్ల అక్షరాలు పరుగెత్తి, ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగిన బండిలా నిలబడిపోయాయి. ఆపి మళ్ళీ ఆన్ చేసి రెండో వరస నొక్కాను. పాత కెర్నల్ ఏమీ ఎరగనట్టు లేచి వచ్చింది. దానికి నిజంగానే దణ్ణం పెట్టుకున్నాను.

మళ్ళీ కూర్చున్నాను. ఏది ఎందుకు ఆగిందో ఒక్కో వాక్యం చదివి, ఒక్కోటి సర్దుతుంటే, నిజం చెప్పొద్దూ, ఆకలి కూడా తెలియలేదు. సాయంత్రానికి కొత్త ఇంజను కదిలింది. ముక్క గుచ్చాను. తెర మీద బొమ్మ! రాయ్‌పూర్ నుంచి ఎవరో వరికి పట్టే పురుగు గురించి హిందీలో చెబుతున్నారు. ఆ పురుగుని నేను కన్నార్పకుండా చూశాను. అంత అందమైన పురుగుని నా జన్మలో చూడలేదు.

నా ఖర్మ, ఆ రోజే బిల్హా లోకల్ టైముకి వచ్చింది. ముందు గదిలో అమ్మ టీవీ తీగకి పాయ తీసి, కిటికీ గుండా లోపలి గదికి లాగిన కేబుల్ తీగ ముక్కతో సహా కాలెండరు వెనక దాస్తుండగానే కనకం గుమ్మంలో ఉంది.

"ఇదేటండీ?"

"ఫోను తీగ."

"ఫోను తీగ ఇంత లావుంటాదేటి?"

"బ్రాడ్‌బ్యాండు కదా. బ్రాడ్‌గానే ఉంటాది."

"ఓహో," అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఓహోకి అర్థం నేను కనిపెట్టలేకపోయాను.

గురువారం, శుక్రవారం ఏ గొడవా లేదు. నేను ఉదయం స్విచ్చి వేసి టీకి వెళ్ళడం, వచ్చేసరికి యంత్రం సిద్ధంగా ఉండడం. కనకం తన పాఠాలు తను కొట్టుకుంటోంది. అక్షరం కదల్లేదు. సాయంత్రాలు నేను మామూలుగానే మా క్లబ్బు, అదే, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పేకాటకి వెళ్ళి, పైడిరాజు దగ్గర కొత్త ఇంజను గొప్పలు చెప్పాను.

శనివారం ఎందుకో అనుమానం వచ్చింది. ప్రింటు తీసి చూడలేదు కదా! ఒక కాగితం పెట్టి నొక్కాను. ప్రింటరు లైటు మిటకరించింది తప్ప ఉలకలేదు, పలకలేదు. కొత్త కెర్నల్‌కి ఆ ప్రింటరు ఎవరో తెలియదు! రేపు పొద్దున్న పాఠం. కాగితాలు రాకపోతే రిక్షా వస్తుంది. రిక్షా వస్తే కంప్యూటరు పోతుంది, మ్యాచి పోతుంది, పైడిరాజు ముందు పరువు పోతుంది. అన్నిటికంటే ముందు కనకం దగ్గర నా ఒట్టు పోతుంది. ఆ పాఠాల కోసం ఆవిడ వారమంతా కూర్చుంటుంది. ఆ సంగతి తలుచుకుంటే నాకు సిగ్గేసింది.

సరిగ్గా అప్పుడే వచ్చింది. "ఏటి, అలా చెమట్లు పట్టీసినాయి?"

"ఇంకు అయిపోయినట్టుంది."

"మొన్ననే పోయించేను. లెగండి. ఎల్లి టీ పెట్టండి."

వంటింట్లో పాలు మరుగుతుంటే సింహాద్రి అప్పన్నకి గుండు మొక్కుకున్నాను. లోపల స్విచ్చి ఆపిన చప్పుడు, వేసిన చప్పుడు. కాసేపటికి గర్ర్ గర్ర్ అని ప్రింటరు కదిలింది! పరుగెత్తాను. గుడులు గుడుల్లో, కొమ్ములు కొమ్ముల్లో, కాగితం మీద కాగితం వస్తోంది.

"ఎలా వచ్చిందే?"

"ఆపి, ఆన్ చేసేను. అంతే."

కొత్త ఇంజను కదా, వేడెక్కాలి అనుకున్నాను. పైడిరాజుకి ఫోన్ చేసి అదే చెప్పాను కూడా. వాడు, "మా ఇంజన్లూ అంతే గురూ," అన్నాడు. ఇద్దరం ఇద్దరమే.

ఆదివారం పాఠం దివ్యంగా జరిగింది. సాయంత్రం పైడిరాజు మిరపకాయ బజ్జీల పొట్లంతో, షెడ్డు వాళ్ళు ముగ్గురితో దిగాడు. స్విచ్చి వేశాను, ముక్క గుచ్చాను, మ్యాచి వచ్చింది. గదంతా ఈలలు. "స్క్రూడ్రైవరూ, నీ చేతులకి బంగారు కడియాలు తొడగాలిరా!" అన్నాడు పైడిరాజు. నేను వినయంగా తల వంచుకున్నాను. ఇంకా వంచుకోవాల్సి వస్తుందని అప్పుడు తెలియదు.

ఆట మంచి పట్టు మీదుంది. ముందు గదిలో మా అమ్మ సీరియల్ పాట మొదలైంది. కనకం చేతులు తుడుచుకుంటూ, కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చింది.

"జరగండి."

"ఏటి జరిగీది? ఆఖరి ఓవర్లే!"

"నా సీరియల్ టైమయింది."

"నీకు సీరియలెక్కడిదే?"

"గురువారం కాణ్ణుంచి చూస్తున్నాను. మీరు పేకాటకి ఎల్లగానే కాలెండరు ఎనకున్న తీగా, ముక్కా తీసి." నా చేతిలోంచి మౌసు తీసుకుని, అలవాటైన చెయ్యిలా రెండు నొక్కులు నొక్కింది. మ్యాచి పోయి పట్టుచీరలు వచ్చాయి.

నా నోట్లో బజ్జీ అలాగే ఉండిపోయింది. "మరి నిన్న ప్రింటు..."

"ప్రింటుకి రెండో వరస. సీరియల్‌కి మొదటి వరస."

"నీకెవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పాలేటి? తెర మీద రాసుంది. అయిదు సెకన్లు అది బతిమాలి అడుగుతాది. మీరు టీకి పోతారు. నేను కూచుని చదువుతాను. ఆ రెండోది నొక్కితే ఏటవుతాదో చూడాలని నాకుండదేటి? ఆరా తియ్యడం మీ ఒక్కరి సొత్తా?"

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మళ్ళీ విప్పీస్తారు." తెర మీంచి చూపు తిప్పకుండానే అంది. "పెళ్ళయిన కాణ్ణుంచీ ఎనిమిదింటికి అత్తయ్యదే సీరియల్. నాది ఏటయిందో మర్నాడు కుళాయి కాడ పక్కింటి చిన్నతల్లినడిగి తెలుసుకునీదాన్ని. సగం చెప్పి, నీళ్ళు నిండీసినాయని ఎల్లిపోయేది."

ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు లోపలికీ తొంగి చూశాను గానీ, ఎనిమిదింటికి ఈ మనిషికేం కావాలో ఎప్పుడూ చూడలేదు. నా కుర్చీ మెత్తది. అది ఆవిడకిచ్చి, ఆవిడ చెక్క కుర్చీలో నేను కూర్చున్నాను.

పైడిరాజు లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వాడు బజ్జీల పొట్లం కనకం వైపు జరిపి, "ఆ జరీచీరావిడెవరు చెల్లెమ్మా?" అన్నాడు.

"ఆడపడుచు."

"మంచిదేనా?"

"ఉండన్నయ్యా, ఇప్పుడే తెలుస్తాది."

తెలియలేదు. సరిగ్గా తెలిసేచోట ఆపేశాడు. నలుగురూ ఉసూరుమన్నారు. మ్యాచి ఎవరు గెలిచారని అడగడం అందరం మరిచిపోయాం.

సోమవారం డ్యూటీకి వెళ్ళేముందు స్విచ్చి వేశాను. ఈసారి టీకి వెళ్ళలేదు. తెర ముందే కూర్చున్నాను. రెండు వరసలుండాలి కదా, మూడున్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. మొదటిది, "కనకం సీరియల్." రెండోది, "కనకం పాఠాలు." మూడోది, "సింహాచలం."

ఇది సందీప్ ఫోన్లో నేర్పిన విద్యే, సందేహం లేదు. కానీ కోపం రాలేదు. పైగా కళ్ళు చెమర్చాయి. పాపం, నాకూ ఒక వరస ఉంచింది! ఏముంటుంది అందులో? ఇంకా కొత్త ఇంజనా? క్రికెట్టా? అయిదు సెకన్లు కరిగిపోతున్నాయి. ఆత్రంగా కింది బాణం రెండుసార్లు కొట్టి, నా పేరు నొక్కాను.

టక్కుమని కంప్యూటరు ఆరిపోయింది.

వంటింట్లోంచి కనకం గొంతు వినిపించింది. "నొక్కీసినారా?"

"ఆఁ."

"అయితే లెగండి. పాలు పొయ్యి మీదున్నాయి, ఎల్లి టీ పెట్టండి."

వెళ్ళి టీ పెట్టాను.