ఎడమ సీటు ముందు ఏడు మీటర్లు

కారుకు ఇంజిన్ అవసరమా? నన్నడిగితే అంత అవసరమేమీ లేదు. చక్రాలు కూడా ఆ తర్వాతి సంగతే. ముందు మీటర్లు ఉండాలి!

నమ్మకం కుదరకపోతే సిరిసిల్లలో మా ఇంటికి రండి. ఒకప్పుడు ఎనిమిది సాంచాలు, అదే మరమగ్గాలు, దడదడలాడిన రేకుల షెడ్డులో ఇప్పుడొక ఎర్ర కారు నిలబడి ఉంటుంది. పైకప్పు లేదు. సీట్లు రెండే. లైట్లు కప్ప కళ్లలా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఏ కాలం నాటిదో ఒక విదేశీ కారుకు అచ్చు నకలు. విడిభాగాలన్నీ పెట్టెల్లో వస్తే మా ఆయన మహిపాల్ ఒక్కొక్కటీ బిగించుకున్నాడు. బయట దొరసాని వేషం, లోపల మాత్రం ముసలి వ్యాను ఇంజిన్.

బాడీ, ఇంజిన్, చక్రాలు, సీట్లు అన్నీ నాలుగు నెలల్లో అయిపోయాయి. మీటర్లు ఎంచుకోవడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలల ఘనత పూర్తిగా నాది!

నా గురించి కాస్త చెప్పాలి. నా చదువు ఇంటర్ మొదటి సంవత్సరంలోనే ఆగిపోయింది. భయపడే చదువు మాత్రం ఆగలేదు. అందులో పీహెచ్‌డీ దాకా వచ్చాను. మా బిడ్డ శ్రావణికి మూడేళ్లు. దానికోసం ఇంట్లో మూడు థర్మామీటర్లున్నాయి. మొదటిది చెప్పింది రెండోది ఒప్పుకోదు, మూడోది పంచాయితీ పెద్ద. స్నానం నీళ్ల వేడి చూడటానికి రబ్బరు బాతు ఒకటి. బరువు చూసే మిషను ఒకటి. బాతుకు జ్వరమొస్తే చూసేది మాత్రం ఇంకా కొనలేదు.

మా అత్తమ్మ కనకవ్వ పద్ధతి వేరు. అరచెయ్యి తిరగేసి పిల్ల మెడ కింద పెడుతుంది. "జరమేం లేదు, బువ్వ పెట్టు" అంటుంది. ముప్పై ఏళ్లు సాంచాల పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టిన మనిషి. ఎనిమిదీ ఒకేసారి మోగుతున్నా, ఏ సాంచా మీద పోగు తెగిందో తల ఎత్తకుండానే చెప్పేదట. ఇదెక్కడి శాస్త్రమండీ? ముల్లు లేదు, అంకె లేదు, బ్యాటరీ లేదు!

కారుకు చక్రాలు ఎక్కించిన రోజే మహిపాల్ అన్నాడు.

"సంధ్యా, నీకు బండి నేర్పిస్త. ఎక్కు."

"ముందుగాల వేడి సూపే మీటరు పెట్టు. ఇంజిను కాలిపోతె?"

వేడి మీటరు సరేనన్నాడు. అంతలో నాకు ఆయిలు సంగతి గుర్తొచ్చింది. ఆ తర్వాత బ్యాటరీ. అలా ఒక్కో భయానికి ఒక్కో మీటరు చొప్పున ఏడయ్యాయి: స్పీడు, ఆర్పీఎం, పెట్రోలు, నీళ్ల వేడి, ఆయిలు ఒత్తిడి, బ్యాటరీ, గడియారం. గడియారం ఎందుకంటారా? మిగతా ఆరింటినీ ఎంతసేపు చూశానో తెలియవద్దా?

ఎంచుకోవడం అంత తేలికనుకున్నారా! జగిత్యాలలో కారు సామాన్లు అమ్మే మధుకర్ దుకాణానికి ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు. డయలు పాలమీగడ రంగా, నలుపా? ముల్లు ఎరుపా, నారింజా? చుట్టూ మెరిసే రింగా, ఇత్తడి రింగా? ఒకరోజు రెండు ముళ్లు పక్కపక్కన పెట్టుకుని పొద్దంతా చూశాను.

"అక్కా, పెండ్లిపిల్లను గూడ గింతసేపు సూడరు" అన్నాడు మధుకర్.

"పెండ్లిపిల్లకు ఇంజిను కాలదు గద తమ్మీ!"

నాతో ఎవరు వాదించగలరు?

అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? డయళ్ల మీద తెలుగు అంకెలు ఉండాలన్నాను. మా పుట్టింటి ఊరు కోరుట్లలో స్టిక్కర్లు కోసే అతనితో చేయించాను. ముత్యాల్లాంటి అంకెలు. మురిసిపోయాం. ఇంటికి తెచ్చాక తెలిసింది, వాటిని చదవడం మా ఇంట్లో ఎవరికీ రాదని. నలభైలో పోతున్నామో, తొంభైలో పోతున్నామో తేలాలంటే బండి ఆపి పెద్దబాలశిక్ష తెరవాలి! పీకించి, మామూలు అంకెలు వేయించేసరికి ఇంకో నెల.

ఇక అసలు ఘట్టం. మీటర్లు బిగించే చెక్క పలకకు మహిపాల్ తన చేత్తో బొక్కలు కోశాడు. నేతపని తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, చీర అంచు నేసేటప్పుడు దాని ముఖం కింది వైపుంటుంది, మనకు కనిపించేది వీపు. చిన్నప్పటి నుంచీ వీపు చూస్తూ పని నేర్చిన చెయ్యి కదా! నేను గీసిచ్చిన కాగితాన్ని అలవాటుగా పలక వెనక వైపు అంటించి, గీతల వెంబడి నీటుగా కోసేశాడు. నునుపు చేశాడు, వార్నిష్ వేశాడు, కారులో బిగించాడు.

కుడి పక్క రావాల్సినవన్నీ ఎడమ పక్కకు వచ్చాయి. స్టీరింగు ఆయన ముందు. ఏడు మీటర్లూ నా ముందు!

నేను నెత్తి పట్టుకున్నాను. ఆయన మాత్రం వెంటనే తేరుకున్నాడు.

"నువ్వే గద అన్ని మీటర్లు గావాలన్నవ్? నీ ముంగటనే ఉన్నయ్. నువ్వు సదువు, నేను నడుపుత."

ఎంత న్యాయం! నాకూ నచ్చింది. ఆనాటి నుంచి శ్రావణిని ఒళ్లో కూర్చోబెట్టుకుని కోనరావుపేట దాకా, చందుర్తి దాకా చదువుతూనే ఉన్నాను. "వేడి ఎనభై! ఆయిలు మంచిగుంది! స్పీడు నలభై రెండు!" ఆయన ఈల వేసుకుంటూ "ఊ" అనేవాడు. పెట్రోలు మీటరు మాత్రం ట్యాంకులో పెట్రోలు మీద తేలే బుడ్డితో పొసగక, ఖాళీ అవుతున్నకొద్దీ పైకి లేచేది. తిరగేసి చదవడం కూడా నేర్చుకున్నాను. దారిలో పొలాలుండేవట, చెరువులుండేవట. నేను చూడలేదు. డ్యూటీలో ఉన్నాను కదా! డ్రైవింగ్ ఊసు ఆయనా మరిచాడు, నేనూ మరిచాను.

మొన్న బుధవారం మధ్యాహ్నం మహిపాల్ జగిత్యాల బస్సెక్కి వెళ్లాడు. ఎందుకనుకున్నారు? బయటి గాలి వేడిని చూపే మీటరు ఉంటే బాగుంటుందన్నాను. ఎనిమిదోది.

ఆయన అటు వెళ్లగానే ఇక్కడ శ్రావణి ఒళ్లు కాలిపోయింది. ఒక థర్మామీటరు నూట రెండు దాటిందంది, ఇంకోటి నూట మూడు దాటిందంది. పంచాయితీ పెద్దకు బ్యాటరీ అయిపోయింది. అత్తమ్మ పిల్ల మెడ కింద చెయ్యి పెట్టింది. ఈసారి బువ్వ మాట ఎత్తలేదు.

"దవాఖానకు తీస్కపోవాలె" అంది.

పిల్ల కళ్లు మూసుకుపోతున్నాయి. దాని చెంప నా మెడకు ఆనుకుని సెగలా తగులుతోంది. మేకుకు వేలాడుతున్న తాళంచెవి అందుకుని షెడ్డులోకి ఉరికాను. కారెక్కి, పక్కకు వంగి తాళం తిప్పాను. ఏడు మీటర్లూ దీపాల్లా వెలిగాయి. బ్యాటరీ బాగుంది. పెట్రోలు ముల్లు అట్టడుగున ఉంది, అంటే ట్యాంకు నిండా ఉన్నట్టు. అన్నీ పైకే చదివానట. నాకు గుర్తు లేదు.

తడిబట్ట పట్టుకుని అత్తమ్మ వెనకే వచ్చింది.

"ఏమంటున్నయే నీ మీటర్లు?"

"అన్ని మంచిగనే ఉన్నయ్ అత్తమ్మా."

"మరి బండేంది కదుల్తలేదు?"

అప్పుడు చూసుకున్నాను. అలవాటు కొద్దీ నేనెక్కింది ఎడమ సీటు. కుడి సీటు ఎక్కినా ఒరిగేది మాత్రం ఏముంది?

అత్తమ్మ అప్పటికే వాకిట్లోకి పోయి పక్కింటి జాన్‌ను కేకేసింది. జాన్ ఆటోలో మీటరు ఉండాల్సిన బొక్కలో వక్కపొట్లం ఉంది. అంత కంగారులోనూ నా నోరు ఊరుకోలేదు.

"ఎంత స్పీడుల పోతున్నవ్ జాన్?"

"నాకేమెర్క అక్కా? తొవ్వ కనవడుతుంది గద!"

పది నిమిషాల్లో ఆసుపత్రిలో ఉన్నాం. మామూలు జ్వరమే, మందు పడితే తగ్గుతుందన్నారు. తగ్గింది. పొద్దు గూకేసరికి శ్రావణి లేచి అటుకులడిగింది. మహిపాల్ ఎనిమిదో మీటరు సంచిలో పెట్టుకుని అప్పుడే దిగాడు. సంగతి విని మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"నాకు బండి నేర్పు" అన్నాను.

"నేర్పుత గని, మీటర్లు ఎడమ దిక్కున్నయ్. కొత్త పలక కోసి ఇటు దిక్కు మార్చినంక..."

"పలక జోలికి పోకు. అవి ఆడనే ఉండనీ."

తెల్లారి షెడ్డు వెనక మైదానంలో నేను కుడి సీటులో కూర్చున్నాను, ఆయన ఎడమ సీటులో. కారు రెండుసార్లు ఎగిరిపడి ఆగింది. మూడోసారి కదిలింది.

"ఆర్పీఎం మూడు వేలు! సంధ్యా, క్లచ్చు! అరే, వేడి తొంభై! ఆయిలు ముల్లు కిందికొస్తుందే! ఆపు, ఆపు!"

చూస్తే మనిషి నుదుటి నిండా చెమట. ఏడు ముళ్ల మధ్య కళ్లు పరుగులు పెడుతున్నాయి. నా ముందా? ఒక్క ముల్లు లేదు. అద్దం, అద్దం అవతల మైదానం, గోడ దగ్గర శ్రావణిని చంకనేసుకున్న అత్తమ్మ. తల్లినయ్యాక మొదటిసారి నాకు ఏ భయమూ వేయలేదు. "ఊ" అన్నాను. ఈల వేయడం రాదు గానీ, వస్తే వేసేదాన్నే.

కాబట్టి మీటర్ల విషయంలో నా మాట మారదు. మీటర్లు చాలా మంచివి! ఏడు చాలవు, పద్నాలుగు పెట్టించుకోండి. ఎవరి సీటు ముందు బిగించాలో మాత్రం ముందే చూసుకోండి.

ఎనిమిదో మీటరుకు పలక మీద చోటు లేదన్నాడు మహిపాల్. నేనే వెతికి చూపించాను. ఆయన మోకాలికి ఎదురుగా, చాలా బాగా కనిపిస్తుంది.