పాకలో కాపురం

ఆ ఉదయం పేరయ్య వేసిన పథకం చాలా చిన్నది. పంచాయతీ సెక్రటరీ వచ్చి వెళ్లేదాకా గేదె కనబడకూడదు, అంతే.

భట్టిప్రోలు పక్క పల్లెలో పేరయ్యకి ఉన్నదల్లా రెండు గదుల డాబా, దాని వెనక పాక, పాకలో నిండు చూడి గేదె. అది ఈనితేనే మళ్లీ ఇల్లు గడిచేది. పక్కన కొత్తగా ఇల్లు కట్టుకున్న వరప్రసాదం పడకగది కిటికీని సరిగ్గా ఆ పాకవైపే పెట్టించుకుని, పేడ కంపు భరించలేకపోతున్నానని పంచాయతీకి ఎక్కాడు. ఇళ్లకి అంత దగ్గరలో పశువుల్ని కట్టేయడానికి రూల్సు ఒప్పుకోవట, సెక్రటరీ వచ్చి చూసి పాక తీయించేస్తుందట. కిటికీ కంటే పాకే ముందు వచ్చిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. పాక పోతే గేదెని కట్టడానికి పేరయ్యకి వేరే జాగా లేదు. విచిత్రమేమిటంటే, ఈనగానే జున్నుపాలు ముందు మాకే ఇవ్వాలని వరప్రసాదం భార్య సుందరమ్మ ఎప్పుడో చెప్పి ఉంచింది.

"గొడ్లుంటే పాక. మనుషులుంటే ఇల్లే కదే," అన్నాడు పేరయ్య.

వెంకటసుబ్బులుకి ఈ లెక్క మింగుడుపడలేదు. అయినా మొగుడి తెలివితేటలకి అడ్డుపడి ఆమె ఏనాడూ గెలవలేదు. ఇద్దరూ కలిసి పాక కడిగి, నులకమంచం వేసి, పొయ్యి పెట్టి, దేవుడి పటం తగిలించారు. గేదెని ఎక్కడ దాచాలన్నది ఆఖర్న గుర్తొచ్చింది. చేలోకి తోలుకుపోదామంటే అది అంత దూరం నడిచే స్థితిలో లేదు. డాబా ముందుగదిలోకి తోలి తలుపేశారు.

ఊరికి కొత్తగా వచ్చిన సెక్రటరీ ప్రమీల అడుగుపెట్టేసరికి పాకలో పప్పు ఉడుకుతోంది.

"మీరుండేది ఇక్కడేనాండీ?" అని అడిగింది.

"ఇక్కడేనమ్మా. పెళ్లయిన కాణ్ణించీ ఇదే మా ఇల్లు," అన్నాడు పేరయ్య.

ప్రమీల ఫోన్లో ఫొటో తీసుకుంది. అంతా అబద్ధమని వరప్రసాదం మొత్తుకున్నాడు గానీ, పొయ్యి ఎదురుగా వెలుగుతోంది. పేరయ్య మనసు కుదుటపడుతుండగా డాబాలోంచి గేదె గట్టిగా అరిచింది. తలుపు తీస్తే టీవీ బల్ల పక్కన అప్పుడే పుట్టిన దూడ, దాన్ని నాకుతూ గేదె.

"అయితే గొడ్లుండేది ఇందులోనన్నమాట," అంటూ ప్రమీల ఇంకో ఫొటో తీసి రెండూ ఆఫీసుకి పంపేసింది. డాబా కూడా వరప్రసాదం ఇంటికి దగ్గరే కాబట్టి, వారంలో పడగొట్టాలంది.

"అది మా ఇల్లమ్మా," అన్నాడు పేరయ్య.

"మీ ఇల్లు ఆ పాకేనని మీరే కదండీ చెప్పారు."

వరప్రసాదానికి నిజం తెలుసు. ఈసారి మాత్రం నోరు మెదపలేదు. చివరికి ప్రమీలే జాలిపడి ఒక దారి చెప్పింది. గేదె లేకపోతే గొడ్ల పాకా లేనట్టే, పడగొట్టే పనీ ఉండదు.

సాయంత్రానికి నగరం నుంచి పశువుల బేరగాడు గేదెనీ దూడనీ తీసుకుపోవడానికి ట్రాలీ ఆటో తెచ్చాడు. వెంకటసుబ్బులు గేదె మెడ పట్టుకుని ఏడ్చింది. పేరయ్యకి ఆమె మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు. కాపాడుకుందామనుకున్న గేదెని తన నోటితో తనే అమ్మేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న రేపల్లెలోని పుట్టింటి నుంచి బస్సు దిగిన సుందరమ్మ, గేదె ఈనిందన్న కబురొక్కటే విని, జున్నుపాలకని గిన్నె పట్టుకుని వచ్చింది.