గోడ లేని గదిలో తోడేలు

శుక్రవారం పొద్దున ముంథర్ వేసుకున్న పథకం చిన్నదే. ముందురోజు మేస్త్రీ వచ్చి వంటగదికీ అతిథుల గదికీ మధ్య గోడ పడగొట్టి పోయాడు. ఇక సుద్దముక్కతో నేలమీద గీతలు గీసి సోఫాలెక్కడో, భోజనాల బల్ల ఎక్కడో, పొయ్యి ఎక్కడో తేల్చుకోవాలి. మధ్యాహ్నం నమాజు లోపల పని అయిపోవాలి. ఇర్బిద్ ఊళ్లో పథకాలకి కొదవలేదు. అనుకున్నట్టు జరిగిన ఇల్లే ఇంకా ఎవరి కంటా పడలేదు.

"పొయ్యి ఆ మూలకి పెట్టిద్దాం," అన్నాడు ముంథర్.

"మూలకా? మళ్లీ గోడకి మొహం పెట్టి వండడానికి ఈ గోడ పడగొట్టడం దేనికి, అబూ లైస్?" భర్తని కొడుకు పేరుతో అలా పిలుస్తూ ఇంతిసార్ సుద్దముక్క లాక్కుని గది నడిమధ్య గీత గీసింది. "ఇదిగో, ఇక్కడ. వచ్చినవాళ్ల మొహాలు నాకు కనపడాలి."

"వాళ్లకి నీ గిన్నెలు కనపడతాయే!"

"కనపడనీ. తినేది వాటిలోంచేగా."

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె ఆ గోడ వెనకే వండింది, తలుపు సందులోంచి పళ్లెం అందించింది. అవతల మగవాళ్లు నవ్వితే, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వింది. "మీ అన్నయ్య తోడేలు కథ మొదలు నాకు కంఠతా వచ్చు," అంది ఓ రోజు. "మంచు, గొర్రెల దొడ్డి, చేతిలో కర్ర. అంతలో పళ్లెం సర్దాలి. ఆ తోడేలు ఏమైందో ఈనాటికీ తెలీదు." నవ్వుతూనే అంది. ముంథర్‌కి మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. గోడ పడింది అందుకే.

బరువైన సోఫాలు మెట్లమీదికి చేరాయి. వాటిని మాటిమాటికీ జరపలేక, గీతలమీద వేసి చూసుకోడానికి షామియానా దుకాణం నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించాడు. తెచ్చినవాడు అలవాటు చొప్పున వాటిని ఇంటి ముందు వీధిలో వరసగా వేసి పోయాడు. పెళ్లయితే దీపాల తోరణాలుంటాయి. తోరణాలు లేని కుర్చీలకి ఆ ఊళ్లో అర్థం ఒకటే: ఇంట్లో ఎవరో పోయారు.

ఎదురింటి హాజ్ సుబ్హీ చూశాడు. సున్నం దుమ్ముకి కళ్లెర్రబడ్డ ముంథర్ బయటికొచ్చాడు.

"అల్లా నీకు ఓర్పునివ్వాలి, నాయనా," అంటూ ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు.

ఇంటిపని పెట్టుకున్నవాడికి ఓర్పు ఎవరిస్తే చేదు? "మీ దీవెన, హాజ్," అన్నాడు ముంథర్.

హాజ్ ఒక కుర్చీలో కూర్చున్నాడు. ఒకడు కూర్చుంటే చాలు, పదిమంది చేరతారు. నమాజు అయ్యేసరికి మసీదు గుమ్మంలోంచి జనం నేరుగా ఇక్కడికే వచ్చి, ఎండకి లోపలికి జరిగారు. చావింట్లో 'ఎవరు పోయారు' అని అడగడం మర్యాద కాదు. వచ్చినవాళ్లని 'ఎందుకొచ్చారు' అని అడగడం అంతకన్నా కాదు. ఈ రెండు మర్యాదల మధ్య అందరూ సుద్దగీతలు చూస్తూ మౌనంగా కూర్చున్నారు. ముంథర్ కాఫీ కాచడానికి లేచాడు. అతనే కాచుకుంటున్నాడంటే పోయింది ఇంతిసారేనని జనం తేల్చుకున్నారు. పాపం ఆమె లోపలి గదిలో చీపురు వెతుకుతోంది.

కబురందుకుని ముంథర్ అన్న అబూ గస్సాన్ గుండెలు బాదుకుంటూ వచ్చాడు. "పోయావా తల్లీ! మా వంశానికే దీపానివి! నీ చేతి మన్సఫ్ ఇంకెక్కడ తింటాం? ఏనాడూ నోరెత్తి ఎరగని మనిషివి!"

ఇంతిసార్ చీపురుతో వంటగదివైపు నుంచి వచ్చి నిలబడింది. అడ్డం గోడ లేదు.

"ఇంకాస్త చెప్పండి బావగారూ. బతికుండగా ఎప్పుడూ వినలేదు."

అబూ గస్సాన్ బాదుకుంటున్న చేతులు కిందికి దించాడు. ఇంతమంది ముందు పరువు పోయినవాడికి ఆ ఉక్రోషాన్ని ఎవరిమీదైనా దులపాలి. కూలిన గోడ కంటపడింది.

"సిగ్గుందిట్రా నీకు? అతిథికి అంట్లగిన్నెలు చూపిస్తావా? వెధవాయ్, మన నాన్న కట్టిన గోడరా!"

అంటూనే ముంథర్ అందించిన కాఫీ కప్పు తాగకుండా కింద పెట్టాడు. వెంటనే పెద్దలందరూ పెట్టేశారు. ముంథర్ మొహం పాలిపోయింది. పిల్లనడగడానికైనా, పగలు చల్లార్చడానికైనా పెద్దలొస్తే అదే పద్ధతి: కోరిక తీర్చేదాకా కాఫీ ముట్టరు. వాళ్లని తాగకుండా పంపితే ఆ ఇంటికి తలవంపులు. తాగారా, మాట అక్కడితో సరి, ఇక అడగడానికి లేదు.

"గోడ కట్టిస్తానని మాటియ్యి, తాగుతాం."

ముంథర్ భార్యవైపు చూశాడు. ఆమె సుద్దగీత మీదే నిలబడి ఉంది.

"ఇస్తారులెండి," అంది. "ముందు భోజనాలు కానివ్వండి."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాసేపయింది. ఎవరో గొణిగారు: "పొయ్యి వెలగలేదే?" గోడ ఉండుంటే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

"నాకూ ఒక కోరికుంది," అంది ఇంతిసార్. "అది తీరేదాకా పొయ్యి ముట్టను. బావగారూ, ఆ తోడేలు ఏమైంది?"

"చెప్పవయ్యా, పోయేదేముంది?" అన్నాడు హాజ్ సుబ్హీ. అంతలోనే నుదురు ముడిచాడు. "అవునూ, అది మేమూ వినలేదు. అక్కడికొచ్చేసరికి ఎప్పుడూ పళ్లెం వచ్చేసేది."

గదిలో ఈసారి పళ్లెం రాలేదు. అబూ గస్సాన్ మంచు గురించి మళ్లీ చెప్పాడు. కర్ర గురించి మరీ వివరంగా చెప్పాడు. ఇంతిసార్ కదల్లేదు.

"కర్ర ఎత్తాను... చీకటి కదా... తోకూపింది."

"తోడేలా?"

"మా కుక్కే," అన్నాడు నేలచూపులతో.

గది ఘొల్లుమంది. ఎందుకు నవ్వుతున్నారో తెలిసి ఇంతిసార్ నవ్వడం అదే మొదలు. అబూ గస్సాన్‌కి గొంతు తడారిపోయి, చేతికందిన కప్పు ఎత్తి గటగటా తాగేశాడు. కప్పు కింద పెట్టాకగానీ చేసిందేమిటో తెలియలేదు. కాఫీ తాగేశాడు. మాట అక్కడితో సరి.

ఇంతిసార్ పొయ్యి వెలిగించింది.

ఇళ్లలో ఆ గోడలు ఆడవాళ్ల మర్యాద కోసమని పెద్దలంటారు, కాని వాటి చాటున ఎక్కువగా బతికింది తోడేళ్లే.