కుర్చీచేతిపై శ్వేతబిందు సంహారము

వినుడు, పీటలపై, బల్లలపై, నులకమంచములపై ఆసీనులైన ఆర్యులారా! సాగరు ఆనకట్టకు సిమెంటు మోయు లారీల ధూళిచేత మాచర్ల మార్గమెల్ల ధూసరితమైన దినములలో, ప్రచండమార్తాండుడు తన యెండనంతటిని రెంటచింతల మీద కుమ్మరించి, మిగిలినది లోకమునకు పంచిపెట్టు వైశాఖమాసమున, క్రైస్తవ దేవాలయ పార్శ్వమందలి రేకులషెడ్డు క్రింద, ఉలిధరుడు, బాడిసపాణి, చిత్రికాచక్రవర్తి, అక్కడక్కడ నెరసినను గండుచీమల బారువంటి మీసము గలవాడు, ఆరోగ్యస్వామి యను వడ్రంగివీరుడు ఒక మచ్చతో యుద్ధము చేసెను. ఆ కథ చెప్పెదను.

తగవు ఇట్లు పుట్టెను. ఆదివారమునాడు వేంచేయు బిషప్పుగారికి కుర్చీ కావలసెను. మోతుబరి జానకిరామయ్య, మతము వేరైనను ఊరిమర్యాద ఒక్కటే గనుక, తన చేలోని వేపదుంగను ధర్మముగా ఇచ్చెను. ఇచ్చినవాడు ఊరకుండక ప్రతిదినము వచ్చి పనికి వంకలు పెట్టెను. శుక్రవారము ప్రొద్దుట మన వీరునికి ఓర్పు నశించి, నలుగురి యెదుట మీసము మెలివేసి గర్జించెను.

"ఓ వేపదాతా! ఈ సింహాసనమున ఆవగింజంత మచ్చ చూపితివా, పితృపితామహుల పరువునకు పతాకయగు నా మీసమును మంగలికత్తికి బలి యిత్తును!"

"సరేనయ్యా ఆరోగ్యం," అనెను జానకిరామయ్య. "రేపు సాయంత్రం అద్దాలు పెట్టుకునొస్తా. మంగలిని కూడా ఎంటబెట్టుకొస్తా."

ఆ మధ్యాహ్నమే వీరుడు రంగుపొడి నీట కలిపి, గుడ్డతో అద్ది, కుర్చీకి పూసెను. కుర్చీ సర్వాంగములు కాలమేఘచ్ఛాయ దాల్చెను. కాని కుడిచేతి మీద, సరిగ్గా బిషప్పుగారి అరచేయి ఆనుచోట, బొటనవ్రేలంత మేర తెల్లగా మిగిలెను. మరల పూసెను. చుట్టుప్రక్కల నల్లబడెను, దానితో మచ్చ మరింత తెల్లబడెను. మూడవమారు పూయగా అది చీకటియింట వెలిగించిన దీపమువలె దారినపోవువారికి సైతము కనబడెను.

మరునాడు ప్రొద్దుట అన్నపుగిన్నెతో వచ్చిన భార్య జ్ఞానమ్మకు వీరుడు యుద్ధవార్త నివేదించెను.

"ఏమే జ్ఞానమ్మా! చెక్క గర్భమునుండి వెడలిన ఈ శ్వేతదానవుడు మూడు వర్ణాస్త్రములకును చావకున్నాడు. వీని పోగొట్టుమని పునీత అంతోనివారికి మూరెడు కొవ్వొత్తి మొక్కుకొంటిని!"

"అంతోనివారు పోయినవి దొరికిస్తారయ్యా, ఉన్నవి పోగొట్టరు," అనెను జ్ఞానమ్మ. "అయినా దానవుడేంది? అది నీ బొటనేలి ముద్ర. అతుకు పెట్టేప్పుడు సరేసు బంక చేతికంటింది, తుడుచుకోలా. బంక తాగిన చెక్క ఇంక రంగేం తాగుద్ది?"

"బంకయా! నా చేతి బంకయా! ఇది చెక్కకు పుట్టుజబ్బు!"

"సరే, జబ్బే. మీసం పోతే పోయిందిలే. పప్పుచారు అంటుకోకుండా ఉంటది."

ఆ మాటకు వీరుని గుండె జారెను. దాచనేల, భయపడెను. యౌవనము వచ్చిననాటినుండి తన పైపెదవిని తానే చూచి యెరుగడు. అది ఎట్లుండునో, లోకము దానిని చూచి ఏమనునో తలచుకొని మీసమును అరచేత కప్పుకొనెను. తప్పొప్పుకొనుట మీసము తీయించుకొనుటకన్న తేలిక యని తేల్చుకొని, నేలచూపులు చూచుచు, "బంకేలే. నీళ్ళు కాచు," అనెను.

అంతట సంగ్రామము మొదలయ్యెను. వీరుడు సలసల కాగిన నీటిలో గుడ్డ ముంచి, పిండి, మచ్చపై మోపెను. ఎద్దుతోలు ఉడికించి తీసిన సరేసు, ఏ వేడిలో పుట్టెనో ఆ వేడికే లొంగి, మెత్తబడి, జిగటజిగటగా శరణు వేడెను. వీరుడు దయదలచక, పగిలిన సీసాపెంకు ఖడ్గముగా ధరించి, చెక్కగీతల వెంబడి గీకి, ఉప్పుకాగితముతో నున్నచేసి, రంగు పూసెను. మచ్చ పోయెను. కాని చేయి మిగిలిన భాగము మూడు పూతలు త్రాగినది, ఇచట ఒక్కటే. మచ్చ పోయినచోట మాసిక పుట్టెను!

"అమ్మా, నా మీసమా!" అని వీరుడు విలపించి, కన్నీరు తుడుచుకొని, ఈ కొసనుండి ఆ కొసదాక కుర్చీచేయి నంతటిని గీకి, మొదటినుండి మూడు పూతలును మరల పూసెను. రెంటచింతల యెండ, జన్మకొక మంచిపని చేయవలెనను కోరికతో కాబోలు, పూత పూయగనే ఆరబెట్టెను. పిదప స్పిరిటులో కరగిన లక్కతో, ముక్కు చెక్కకు తగులునంత వంగి, మెరుగు పెట్టెను.

సాయంత్రము జానకిరామయ్య అద్దాలతో, మంగలితో, ప్రార్థనలు నేర్పు ఉపదేశి రాజారత్నముతో వచ్చెను. కుర్చీ చుట్టు తిరిగి, క్రింద దూరి, పైన వంగి, కుడిచేతి దగ్గర ఆగెను.

"ఇదేంది?"

మెరుగులో చిక్కుకొని నెరసిన వెంట్రుక ఒకటి పడుకొని యుండెను. మంగలి పొది విప్పెను. ఆరోగ్యస్వామి కన్నులు మూసెను. రాజారత్నము వంగి చూచి, వీరుని మొగము చూచి, మరల వంగి చూచెను.

"మచ్చ కాదండి. మీసమే."

జానకిరామయ్య చాలసేపు నవ్వెను. "అయితే పందెంలో నాకొక ఎంట్రుక ముట్టినట్టే. మిగతాది ఉంచుకో ఆరోగ్యం."

"మరి నన్నెందుకు పిలిచారండీ?" అనెను మంగలి.

"వచ్చినోడివి నాకు గడ్డం గీకిపో."

ఆరోగ్యస్వామి మీసము తడిమి చూచుకొని, అది అచటనే యున్నదని తెలిసి, మరల మెలివేసెను.

జయము! ఏకకేశమాత్ర నష్టముతో బొటనవ్రేలంత రాజ్యమును గెలిచిన వీరునికి జయము! ఆదివారము కన్యాస్త్రీలు ముందుగా వచ్చి, కుర్చీచేతులు రెంటికిని గంజిపెట్టిన లేసుగుడ్డలు తొడిగిరి. బిషప్పుగారు ఆ గుడ్డపై చేయి ఆన్చి కూర్చుండిరి. దాని క్రింద మచ్చ లేదు. ఉన్నను ఎవరికిని కనబడదు. అయినను లేదు.